మూడు ప్రార్థనల పాకం

ప్రెస్సు వెనక గది,
చిన్న పండుగ అయిన మూడో రోజు

అత్తా,

నీకు అన్యాయం జరిగింది. చేసింది మా నాన్న. నీ సొంత తమ్ముడు, ప్రార్థన మందిరానికి పెద్ద, రోజూ తెల్లవారుతూనే మమ్మల్ని లేపి కూర్చోబెట్టి న్యాయం గురించి చెప్పే మనిషి.

జరిగింది నీకు తెలియదని కాదు. కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. నోటి మాటైతే రేపు ఎవరైనా "నేనలా అన్నానా?" అని మింగేస్తారు. పండుగ నాడు మందిరంలో అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చున్నారు. వెనక బల్ల మీద నువ్వు చేసిన ఎండుద్రాక్ష పానీయం, నలభై సీసాలు, వరసగా ఉన్నాయి. మొదటి బిరడా టప్పున లేచింది. రెండోది ఎగిరి గడియారాల తాత బట్టతల మీద పడింది. "ఎవడ్రా అది!" అని ఆయన కళ్ళు తెరవకుండానే అరిచాడు. ఆ తర్వాత ఇక లెక్కే లేదు, పటాసుల్లా పేలాయి. నాన్న లేచి ఒక సీసా అందుకుని నాలుక మీద చుక్క వేసుకున్నాడు. "చురుక్కుమంటోంది. పులిసింది. ఇది మత్తు" అన్నాడు, అంతమందిలో. మన మందిరంలో ఆ మాటకున్న బరువెంతో నీకు నేను చెప్పాలా? ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న దానివి, నిన్నొక్క మాట అడగలేదు. నలభై సీసాలూ కాలువలో గుమ్మరించి, "అక్కా, ఇక పండుగ పొయ్యి దగ్గరికి రాకు" అన్నాడు. మర్నాడు నువ్వు చేతిసంచి పట్టుకుని మొదటి బస్సెక్కి, పోయిన మామయ్య చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయావు.

నేను ప్రెస్సులో రోజుకు రెండు వేల కరపత్రాలు మడతపెడతాను. మడతపెట్టేవాళ్ళు చదవకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి చదువుతాను. అందుకే చెబుతున్నాను: లొంగిపోకు. నాన్న నీకు క్షమాపణ చెప్పేదాకా తిరిగి రాకు. పెద్ద పండుగకి ఇంకా మూడు నెలలుంది. అప్పుడు పానీయం లేక మందిరమంతా మంచినీళ్ళు తాగితే తెలుస్తుంది నీ విలువ. నేను కూడా ఆయనతో మాట్లాడటం మానేశాను. పొద్దున ప్రార్థనలో పెదవులు కదుపుతున్నానంతే, లోపల ఏమీ లేదు. అది ఎప్పటినుంచో లేదులే, ఆ సంగతి వేరు.

పోరాటంలో నీతో,
నీ మేనకోడలు


కుట్టు దుకాణం మేడ,
పదో రోజు

ఒసేయ్ మిరపకాయా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ అక్షరాల ఊపు చూసి మా ఆడపడుచు "ఇది కోర్టు నోటీసా వదినా?" అని భయపడింది. చదివి వినిపించాను. ఇంకా భయపడింది.

నన్ను రావద్దన్న వాళ్ళు ఇంతవరకు ఒక్కరే. నీ ఉత్తరంతో ఇద్దరయ్యారు. నాన్నా కూతుళ్ళు ఒక మాట మీద ఉండటం ఇదే మొదటిసారి అనుకుంటా, సంతోషం.

ఇక్కడ నాకేం లోటు లేదు. చొక్కాలకు కాజాలు కుడుతున్నాను, రోజుకు అరవై. కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. వంటింటి పైఅరలో ఎడమ పక్క డబ్బాలో దాల్చినచెక్క ఉంది, ఒకసారి ఎండలో పెట్టు, లేకపోతే పురుగు పడుతుంది. మీ అమ్మని మోకాళ్ళు మడిచి కూర్చోవద్దను, చెబితే వినదు, అయినా చెప్పు. మీ నాన్న ఉన్ని మేజోళ్ళు రెండూ మడమ దగ్గర పోయాయి. అడగడు. నువ్వే తీసి కుట్టు.

వాడి మీద అంత గొంతు లేపకు. పులిసిందన్నాడు. పులిసింది నిజమే కదా. నా తమ్ముడికి కోపం ఉంది, తొందర ఉంది, అబద్ధం మాత్రం లేదు.

ఒకటి అడుగుతాను. పాకం కాచిన రోజు పక్కింటి కోడలికి నొప్పులొస్తున్నాయని నేను మధ్యలో వెళ్ళాను కదా. గిన్నె దగ్గర నిన్ను కూర్చోబెట్టాను. మంట బాగానే ఉండిందా? ఏం లేదు, ఊరికే అడుగుతున్నాను.

అత్త


ప్రెస్సు వెనక గది,
పదహారో రోజు

అత్తా,

మంట బాగానే ఉంది. మూడూ అయ్యాయని నువ్వొచ్చినప్పుడే చెప్పాను కదా. మళ్ళీ ఎందుకు అడుగుతున్నావు?

నన్నడిగితే తప్పు సీసాలది. లేదా ఎండుద్రాక్ష అమ్మినవాడిది, వాడి మొహం చూస్తేనే తెలుస్తుంది. అదీ కాకపోతే అసలు తప్పు మన కొలతది. ఏ ఇంట్లోనైనా వంటింట్లో గడియారం ఉంటుంది. మన ఇంట్లో ప్రార్థన ఉంటుంది! చిన్న ప్రార్థన ఒకసారి చెబితే గుడ్డు ఉడికినట్టు. పెద్ద ప్రార్థన మూడుసార్లు చెబితే పండుగ పాకం దిగినట్టు. ఒకరు నెమ్మదిగా చెబుతారు, ఒకరు పరిగెత్తిస్తారు, ఒకరికి మధ్యలో తుమ్ము వస్తుంది. ఇదేం శాస్త్రం? లోకం ఎక్కడికో పోతుంటే మనం ఇంకా దేవుడి చేత గుడ్లు ఉడకబెట్టిస్తున్నాం.

అందుకని నేనొక నిర్ణయం తీసుకున్నాను. నీ పానీయం మళ్ళీ చేస్తాను, చిన్న గిన్నెలో. గడియారాల తాతను బతిమాలి ఒక గడియారం తెచ్చాను ("బిరడాలు రావు కదా?" అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు). అమ్మ పెద్ద ప్రార్థన మూడుసార్లు చెబుతుంది, నేను సమయం రాస్తాను. పది రోజులు సీసాలో ఉంచి, పులవలేదని నాన్న ముందు పెడతాను. నీ పద్ధతిలో ఏ తప్పూ లేదని రుజువైతే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడో చూస్తాను.

ఇంట్లో నీ పేరు ఎవరూ ఎత్తటం లేదు. మొన్న నాన్న బయట నుంచి వచ్చి అలవాటుగా "అక్కా, నీళ్ళు" అన్నాడు. అనేసి, గుర్తొచ్చి, దగ్గు వచ్చినట్టు దగ్గాడు. అమ్మ నీళ్ళు ఇచ్చింది. నేను చూడనట్టు నటించాను. మేజోళ్ళు కుట్టాను, మాట్లాడకుండా తలుపు గొళ్ళేనికి తగిలించాను. మడమ దగ్గర ముడి పెద్దదైనట్టుంది, కుంటుతూ నడుస్తున్నాడు. అయినా అవే తొడుక్కుంటున్నాడు.

నీ మేనకోడలు


కుట్టు దుకాణం మేడ,
ఇరవై ఒకటో రోజు

మిరపకాయా,

ఆ ప్రయోగం మానుకో. ఎండుద్రాక్ష దండగ. రుజువులు పెడితే మనుషులు మారతారా? నోరు మూసుకుంటారంతే.

తాత గడియారం తాతకు ఇచ్చెయ్యి. మీ అమ్మ మోకాళ్ళతో పొయ్యి దగ్గర అంతసేపు నిలబడలేదు. నా మాట విను.

అత్త


ఇంటి డాబా మెట్ల మీద,
ముప్ఫై మూడో రోజు

అత్తా,

నీ ఉత్తరం రావటానికి ముందే పాకం కాచేశాం. ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ప్రెస్సు కాగితం, మంచిది.

అమ్మ కుర్చీలో కూర్చునే చెప్పింది. ఒక్కో మాటా నోట్లో కరిగించుకుంటూ చెప్పింది. ఎవరి పేరో వచ్చినచోట ఆగి ఇంకో రెండు పేర్లు కలిపింది, అందులో నీది ఉంది. మూడుసార్లు అయ్యేసరికి గడియారంలో యాభై ఒక్క నిమిషాలు. గిన్నెలో పాకం గరిటె ఎత్తితే తీగలా సాగింది. ఆ తీగ చూడగానే గడియారం బల్ల మీద పెట్టేశాను. ఎందుకంటే ఆ రోజు నేను చూసింది తీగ కాదు.

చెబుతున్నాను. ఆ రోజు నువ్వు వెళ్ళాక నేను ప్రార్థన చెప్పలేదు. నమ్మకం లేనప్పుడు చెబితే అది మోసం కదా అనిపించింది. చూడు నా నిజాయితీ! మూడు ప్రార్థనలకు బదులు మూడు కరపత్రాలు చదివాను. ఒకటి ఎనిమిది గంటల పని దినం గురించి, ఒకటి ఆడపిల్లల చదువు గురించి, మూడోది విచారణ లేకుండా వేసే శిక్షల గురించి. ఒక్కో దానికి ఒక్కో ప్రార్థన అని లెక్క వేసుకున్నాను. గట్టిగా చదివాను, గిన్నెకి వినిపించేటట్టు. మూడూ అవగానే దించేశాను. నువ్వొచ్చి "మూడూ అయ్యాయా?" అంటే "అయ్యాయి" అన్నాను. అబద్ధం కాదని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు అయ్యాయి కదా!

అమ్మ ప్రార్థనతో కాచిన పాకం సీసాలో పది రోజులున్నా పులవలేదు. నిన్న ఆ మూడే తీసి, గడియారం పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను. పదిహేడు నిమిషాలు.

నీ నలభై సీసాలూ పులిసేలా చేసింది నేను. నీ మీద పడిన మాట నాది. నెల రోజులుగా నాన్న మీద నేను రాసిన నేరారోపణ పత్రంలో ముద్దాయి పేరు తప్పు. ఇప్పుడేం చెయ్యను? నువ్వు తిట్టు ముందు.

కోడలు


కుట్టు దుకాణం మేడ,
ముప్ఫై ఏడో రోజు

ఒసేయ్,

తిట్టను. పదిహేడు నిమిషాలన్నావే, అదొక్కటే నాకు కొత్త. ఇరవై అయినా అయి ఉంటుందనుకున్నాను. అంత వేగంగా చదివితే ఏం అర్థమవుతుందే నీకు?

నాకు ఆ రోజే తెలుసు, పొయ్యి పక్కన నీ కరపత్రాలు పడి ఉన్నాయి. గరిటె ఎత్తితే పాకం నీళ్ళలా జారింది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న దాన్ని, పల్చటి పాకం పులుస్తుందని నాకు తెలియదా? మళ్ళీ పొయ్యి వెలిగిస్తే సరిపోయేది. కానీ నువ్వు ఎదురుగా నిలబడి "అయ్యాయి" అన్నావు. వెలిగించానంటే నీ మొహం మీద అబద్ధమాడావని చెప్పినట్టే. అప్పుడే పుట్టిన పిల్లను చూసి వచ్చాను, మనసు మెత్తగా ఉంది. పోనీలే, నిలుస్తుందేమోలే అని సీసాల్లో పోశాను. కాబట్టి సగం తప్పు నాది. దాన్ని నీ పేర రాసుకోవద్దు.

మందిరంలో నోరెత్తకపోవటానికి కారణం ఇంకొకటి. పాకం ఎందుకు పల్చబడిందని మీ నాన్న అడిగితే, గిన్నె దగ్గర ఎవరున్నారని అడుగుతాడు. గిన్నె ముందు ఏం చెప్పావని నిన్నడుగుతాడు. పండుగ పాకం మీద కరపత్రాలు చదివావని తెలిస్తే మర్నాటి నుంచి నీకు ప్రెస్సు ఉండదు. నీకు ఆ ప్రెస్సు తప్ప బడి లేదు. నాకేముంది, కాజాలు ఎక్కడైనా కుట్టుకుంటాను.

అందుకని వాడికి చెప్పకు. ఇది నా మాట. పెద్దదాని మాట.

అత్త


ఇల్లు, వంటింటి బల్ల,
యాభయ్యో రోజు

అత్తా,

నీ మాట వినలేదు. నాలుగు రోజులు విన్నాను, అంతకంటే నా వల్ల కాలేదు. నా తరఫున ఇంకొకరు శిక్ష అనుభవిస్తుంటే నేను హక్కుల గురించి కాగితాలు మడతపెట్టటం! ఆ కాగితాలే నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది.

పొద్దున ప్రార్థన అయ్యాక "నాన్నా, ఒకటి చెప్పాలి" అన్నాను. నెల తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది, అందుకే పాపం కాస్త సంతోషంగా తిరిగాడు. అంతా చెప్పాను. నువ్వు చూసి కూడా ఊరుకున్న సంగతి కూడా చెప్పాను, క్షమించు.

అమ్మ చేతిలో చెంచా కింద పెట్టేసింది. నాన్న పాకం గురించి అడుగుతాడనుకుంటే, "ఎన్నాళ్ళయింది నువ్వు ప్రార్థన మానేసి?" అన్నాడు.

"ఏడాది."

"రోజూ నా ఎదురుగా కూర్చుని పెదవులు కదిపావు."

"మీరు బాధపడతారని."

"ఇప్పుడు పడటం లేదా?" అన్నాడు. అరవలేదు అత్తా. అరిస్తే నేనూ అరిచేదాన్ని, నాకు చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. "ఇవాళ్టి నుంచి ప్రెస్సుకి వెళ్ళొద్దు" అని వెళ్ళిపోయాడు. నువ్వు చెప్పినట్టే జరిగింది.

ఐదు రోజులు ఇంట్లోనే ఉన్నాను. పొద్దున ప్రార్థనకి కూర్చున్నాను కానీ పెదవులు కదపలేదు. ఆయన చూశాడు. ఆరో రోజు వచ్చి, "ఆ మూడు కాగితాలు తే" అన్నాడు. తగలబెడతాడనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, పెన్సిల్ తీసుకుని, బల్ల ముందు కూర్చున్నాడు. మొదటిది చదివి "ఊ" అన్నాడు. రెండోది చదివి అమ్మ వైపు చూశాడు. మూడోది, విచారణ లేని శిక్షల గురించినది, చదివి మళ్ళీ మొదటికి వచ్చాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"అక్కను నేనేమీ అడగలేదు కదూ" అన్నాడు.

"అడగలేదు."

"అడిగినా చెప్పి ఉండేది కాదు. నిన్ను కాపాడేది." కళ్ళద్దాలు తీసి, "అయినా అడగాల్సింది" అన్నాడు.

ఇవాళ మందిరంలో అందరూ కూర్చున్నాక లేచి నిలబడ్డాడు. పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "నా అక్కను మీ అందరి ముందు అవమానించాను. పానీయం పులవటం పొరపాటు. ఒక్క మాట అడగకుండా నేనన్న మాట పొరపాటు కాదు, తప్పు" అన్నాడు. నేను కూడా లేచాను. పాకం దించింది నేనని చెప్పాను. ఎందుకు తొందరగా దించానో కూడా చెప్పాను. ఒకరిద్దరు గుసగుసలాడారు. ఒకావిడ తన కూతుర్ని నా పక్క నుంచి లేపి అవతల కూర్చోబెట్టింది. గడియారాల తాత మాత్రం "అయితే నా తల మీద బిరడా వేసింది నువ్వన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు అంత అవసరమైన రోజు నాకింకొకటి గుర్తులేదు.

ఇంటికొచ్చాక నాన్న ఆ కరపత్రాలు నా ఒళ్ళో పడేశాడు. నిండా పెన్సిల్ గుర్తులు. "ఒక్క పేజీలో తొమ్మిది అచ్చుతప్పులు! మీ ప్రెస్సులో చదువొచ్చినవాళ్ళు లేరా? రేపు వెళ్ళి ఇవన్నీ దిద్దించు. తప్పులున్న కాగితం న్యాయం గురించి చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

రేపు వెళ్ళమన్నాడత్తా. రేపు! నేను మూడుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

ఇప్పుడు నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. రా.

నీ కోడలు


కుట్టు దుకాణం మేడ,
యాభై ఎనిమిదో రోజు

మిరపకాయా,

చెప్పొద్దన్నది చెప్పేశావు. మంచి పని చేశావు. ఈ రెండు వాక్యాలూ ఎవరికీ చూపించకు, నా పెద్దరికం పోతుంది.

మీ నాన్న కూడా రాశాడు. నాలుగు వరుసలు. మూడు వానల గురించి. నాలుగోది చదివి కాజా ఒకటి పాడుచేశాను, ఆడపడుచు విసుక్కుంది.

వస్తాను. కానీ వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే రాను. కాజాల పని వదలను, బట్టలు అక్కడికే తెచ్చుకుని కుడతాను. పైగా ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. ముప్ఫై ఏళ్ళుగా నలభై ఇళ్ళు తాగే పానీయం నేనొక్కదాన్నే కలుపుతున్నాను. నొప్పులొచ్చిన పిల్ల దగ్గరికి వెళ్ళాలంటే గిన్నె వదలాలి, గిన్నె దగ్గరుంటే పిల్లను వదలాలి. ఇదేం పద్ధతి? నీ కాగితాల్లో దీని గురించి ఏమైనా రాశారా? రాయకపోతే రాయమను. ఈసారి తాగేవాళ్ళందరూ గరిటె పట్టుకోవాలి. మగవాళ్ళు కూడా. మీ నాన్నకి చేతులు లేవా?

ఇక నీ సంగతి. నువ్వు ప్రార్థన చేస్తావో మానేస్తావో అది నీకూ పైవాడికీ మధ్య. నేను చేస్తాను, నీ పేరు కూడా అందులో పెడతాను, దానికి నీ అనుమతి అక్కర్లేదు. కానీ అయ్యాయా అని నేనడిగితే, అయ్యాయో లేదో చెప్పు. అంతే నాకు కావలసింది.

అత్త


ప్రెస్సు ముందు గది (ముందు గదే! దిద్దుబాటు పని ఇచ్చారు),
పెద్ద పండుగకి పన్నెండు రోజుల ముందు

అత్తా,

నీ షరతులన్నీ వంటింట్లో గట్టిగా చదివి వినిపించాను. చేతుల మాట వచ్చినప్పుడు నాన్న తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "గరిటె ఎంత బరువుంటుంది?" అన్నాడు. అమ్మ ముప్ఫై ఏళ్ళ నవ్వు ఒకేసారి నవ్వింది.

పాకం కొలత మీద మాత్రం పెద్ద గొడవ జరిగింది. నేను గడియారం అన్నాను, ఆయన ప్రార్థన అన్నాడు. చివరికి, ఆయన ప్రార్థన చెప్పేట్టు, నేను గడియారం పట్టుకునేట్టు ఒప్పుకున్నాం. "నీ గడియారం ఆగిపోతే మా ప్రార్థన ఉంటుందిలే" అన్నాడు. "మీ ప్రార్థనలో తుమ్ము వస్తే నా గడియారం ఉంటుంది" అన్నాను. నాన్నతో ఇంతసేపు పోట్లాడి, ఇద్దరం నవ్వుతూ లేవటం ఇదే మొదలు.

మా ఓనరు మిగిలిన కాగితం మీద అచ్చు వేసుకోమన్నాడు. అందుకని నేను రాసిన మొదటి కరపత్రం ఇదిగో. నలభై ఇళ్ళకూ పంచాను. నా పక్క నుంచి కూతుర్ని లేపిన ఆవిడ ఇంటికి కూడా వెళ్ళాను. తీసుకుంది. కూతురు చదువుతుంటే తలుపు సందులోంచి విన్నాను. నాన్న అంతా దిద్దాడు, ఒక్క తప్పూ మిగల్లేదు. నీకూ ఒకటి పంపుతున్నాను, నీ చేతిలో పడకపోతే మిగతా వాళ్ళ చేతుల్లో పడి లాభం లేదు.

పండుగ పానీయం తాగే ఇంటింటి వారికీ!

ముప్ఫై ఏళ్ళుగా మనందరి గ్లాసులు ఒక్క మనిషి నింపింది. ఆమెను మనం ఎన్నడూ అడగలేదు, చేతులు నొప్పి పెడుతున్నాయా అని. ఒకనాడు పాకం చెడితే, అప్పుడూ అడగలేదు. ఆమె తిరిగి వస్తోంది. ఈసారి ఒంటరిగా పొయ్యి ముందు నిలబడదు.

ఎండుద్రాక్ష, అల్లం, చక్కెర మా ఇంట్లో ఉన్నాయి. నిమ్మకాయలు మీరు తెండి, ఇంటికి రెండు. ప్రార్థన చేసేవాళ్ళు చేస్తూ కలపండి. చేయనివాళ్ళు ఊరికే కలపండి. పెద్ద ప్రార్థన మూడుసార్లు, అంటే గడియారం మీద యాభై ఒక్క నిమిషాలు, ఒక్క నిమిషం తగ్గినా దించేది లేదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, పనికి వెళ్ళి వచ్చినవాళ్ళు, అందరికీ వంతు ఉంది. గరిటె పట్టని చేతికి గ్లాసు లేదు.

అత్త బస్సు శనివారం మధ్యాహ్నం రెండున్నరకు వస్తుంది. పొయ్యి మూడింటికి వెలుగుతుంది. మా ఇంటి వెనక తలుపు తీసే ఉంటుంది. శనివారం, సరిగ్గా మూడు గంటలకు, చేతులు కడుక్కుని రండి.